సిఫారసు రేఖకు దిగువన

మా విశ్వవిద్యాలయంలో సిఫారసులు చెల్లవు. ఇది నా సొంత మాట కాదు, పీజీ ప్రవేశాల విభాగం ముందు గోడకు కొట్టిన రేకు బోర్డు చెప్పే మాట. నేను ఆ విభాగానికి సూపరింటెండెంటుని. నా కిటికీ సరిగ్గా ఆ బోర్డు కిందే ఉంటుంది. సిఫారసు పట్టుకొచ్చినవాళ్ళు ముందు బోర్డు చదివేవారు, తర్వాత అటూ ఇటూ చూసేవారు, ఆ తర్వాత కిటికీలోంచి చెయ్యి పెట్టి సిఫారసు అందించేవారు. ఇన్నేళ్ళలో బోర్డుకూ సిఫారసుకూ ఒక్కసారైనా తగాదా రాలేదు.

తగాదా మా ఉపకులపతిగారు విదేశయాత్రకు వెళ్ళిరావడంతో మొదలైంది. అక్కడి విశ్వవిద్యాలయాల్లో మార్కులు తక్కువైన కుర్రాణ్ణి గుమ్మంలోంచే తరిమెయ్యరట. వాడికి పాఠం చెప్పిన ముగ్గురు మాస్టార్లను పిలిచి, వీడెలాంటివాడు, ఎందుకు వెనకబడ్డాడు, పైచదువుకు పనికొస్తాడా అని అడుగుతారట. వాళ్ళు రాసిన నాలుగు ముక్కలు చదివి సీటిస్తారట. ఇది విన్నప్పటి నుంచి ఉపకులపతిగారికి కంటిమీద కునుకు లేదు. మా దగ్గరేమో డిగ్రీలో ఐదున్నర గ్రేడు సగటు లేనివాడికి దరఖాస్తు ఫారం కూడా అమ్మం.

పాలకమండలి సమావేశంలో ఆయన లేచి, "మార్కు మనిషిని కొలవజాలదు" అన్నారు. సభ్యులు చాలాసేపు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో కొంత స్వానుభవం కూడా ఉన్నట్టు నాకనిపించింది. ప్రతి శాఖలోనూ సగం సీట్లు 'సంపూర్ణ వ్యక్తిత్వ కోటా' కింద ఐదున్నరకు తక్కువ ఉన్నవాళ్ళకే కేటాయించాలని అక్కడికక్కడే తీర్మానం అయిపోయింది. మంచి తీర్మానమే. నేను ఇప్పటికీ అదే అంటాను.

ఉపకులపతిగారు ప్రకటన ఇంగ్లీషులో రాశారు. పాలన అంతా తెలుగులో సాగాలన్న ఉత్తర్వు ఉంది కనుక అది అనువాద విభాగానికి వెళ్ళింది. ఆ విభాగానికి అధిపతి ఆచార్య చిదానందం గారు. క్యాంటీనుకు 'అల్పాహార వితరణ కేంద్రం' అని పేరు పెట్టింది ఆయనే. ఆ బోర్డు పెట్టిన వారం రోజులూ క్యాంటీను ఎక్కడికి తరలిపోయిందో తెలియక పిల్లలు బయట బండి దగ్గర తిన్నారు. ఉపకులపతిగారు రాసిన 'పాఠం చెప్పినవారు' అన్న మాటను ఆయన 'గురుజనులు, తదితర పెద్దలు' అని, గ్రేడు పాయింటును 'బిందువు' అని అందంగా తెనిగించారు. పత్రికలో చోటు చాలక ప్రకటనల గుమాస్తా గురుజనులను తీసేశాడు. పెద్దలు మిగిలారు.

మర్నాడు పేపర్లో వచ్చింది ఇదీ: "అల్ప బిందు సగటు గల అభ్యర్థులు తమను క్షుణ్ణముగా ఎరిగిన ముగ్గురు పెద్దల నుండి సిఫారసు లేఖలు గైకొని దరఖాస్తునకు జతపరచవలెను. సిఫారసు లేని దరఖాస్తులు తిరస్కరింపబడును."

జిల్లా ప్రజలకు ఇది చదివి ఎంతో సంతోషమైంది. ఇన్నాళ్ళకు ఒక ప్రభుత్వ సంస్థ నిజం ఒప్పుకుందని వాళ్ళనుకున్నారు. ఆ సాయంత్రానికే ఎమ్మెల్యేల ఇళ్ళ ముందు చెప్పులు గుట్టలు పడ్డాయని విన్నాను.

ఆ ప్రకటన తప్పుగా అర్థం చేసుకున్నది జిల్లా మొత్తం మీద ఒక్క పిల్లే. పేరు సీపాన ఇందుమతి. మర్నాడు పొద్దున్నే, ఇంకా ఎవరూ రాకముందే, నా కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఎమ్మెస్సీ కెమిస్ట్రీకి దరఖాస్తు. గ్రేడు సగటు 5.1. పదో తరగతి, ఇంటరు తెలుగులో చదివి డిగ్రీలో ఒక్కసారిగా ఇంగ్లీషులో పడిన పిల్ల. మొదటి సెమిస్టర్లలో ప్యాసు మార్కుల గట్టున కాళ్ళు జారుతూ నడిచింది. ఆఖరి సెమిస్టరులో ఏడు దాటింది. కానీ సగటు అనేది ఎక్కుతున్నవాణ్ణీ దిగుతున్నవాణ్ణీ ఒకే మెట్టు మీద నిలబెడుతుంది కదా. ఆ మెట్టు పేరు 5.1.

ఆమె మూడు ఉత్తరాలు తెచ్చింది. ఒకటి హాస్టలు వార్డెను రాసింది, ఒకటి ప్రయోగశాల సహాయకుడు రాసింది. మూడోది డిగ్రీ కాలేజీలో ఆమెకు కెమిస్ట్రీ చెప్పిన రాజ్యలక్ష్మి మేడం రాసింది. ఉత్తరాల సారాంశం ఫైలులో రాయాల్సిన బాధ్యత నాది కనుక నేను చదివాను. మేడం ఇలా రాశారు: "మొదటి ఏడాది ఈ అమ్మాయి నా క్లాసులో ఒక్క ప్రశ్నకూ జవాబు చెప్పలేదు. ఒకరోజు అదే ప్రశ్న తెలుగులో అడిగాను. తడుముకోకుండా చెప్పింది. మర్నాటి నుంచి డిక్షనరీ పట్టుకుని మొదటి బెంచీలో కూర్చుంది. ల్యాబులో గాజుసామాను పగిలితే, నేనే పగలగొట్టానని వచ్చి చెప్పిన విద్యార్థిని నా సర్వీసులో ఈమె ఒక్కతే. ఇంగ్లీషులో మాట్లాడడానికి ఇంకా జంకుతుంది. తీసుకుంటే మీకే మంచిది."

నా సర్వీసులో నేను చదివిన సిఫారసులన్నీ కలిపినా ఇంత సమాచారం ఉండదు. ఆ మాట పిల్లతో అనలేదు. సూపరింటెండెంట్లు అలాంటివి అనరు. ఎప్పటికి తెలుస్తుందండీ అని ఆమె అడిగింది. మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి రమ్మని కబురొచ్చిందట, నెలాఖరు దాకానే ఆగుతామన్నారట, ఈ ఏడు సీటు రాకపోతే ఇంక ఆ పనేనని ఇంట్లో అనుకున్నారట.

"మంచి కంపెనీయే సార్. కాకపోతే ఆ మాత్ర ఎలా చేస్తారో నేర్చుకోవాలనుందండి నాకు. డబ్బాలో పెట్టడం కాదు" అంది.

నెలాఖరులోగా తేలిపోతుందని చెప్పాను. అప్పటికి నేనూ అలాగే నమ్మాను.

ఈలోగా బోర్డు సంగతి బయటపడింది. ఒక అభ్యర్థి మేనమామ వకీలు. సిఫారసు తెస్తే తిరస్కరిస్తామని గోడ మీదా, తేకపోతే తిరస్కరిస్తామని పేపర్లోనూ ఉంటే మా మేనల్లుడు ఏం చెయ్యాలని ఆయన నోటీసు పంపించాడు. రిజిస్ట్రారుగారు వెంటనే ఒక కమిటీ వేసి, దానికి తానే అధ్యక్షత వహించి, ఒక నిర్ణయానికి వచ్చారు. బోర్డు మీద ఉన్నది మౌఖిక సిఫారసును గూర్చి. ప్రకటనలో ఉన్నది లిఖితపూర్వక సిఫారసును గూర్చి. నోటితో చేసినది పక్షపాతం, కాగితం మీద చేసినది అర్హత. ఈ మేరకు పెయింటర్ని పిలిచి బోర్డులో 'మౌఖిక' అన్న మాట ఇరికించారు. అక్షరాలు కాస్త ఇరుగ్గా పడ్డాయి గాని చదువుకోవచ్చు.

ఆ తర్వాత వచ్చిన సమస్య ఏ సిఫారసు ఎంత బరువన్నది. గ్రామ సర్పంచి ఉత్తరమూ మంత్రిగారి ఉత్తరమూ ఒకే ఫైలులో పక్కపక్కన పడుకోవడం పరిపాలనా మర్యాద కాదని రిజిస్ట్రారుగారు అభిప్రాయపడ్డారు. అందుకని 'సిఫారసు మదింపు సంఘం' ఏర్పడింది. వార్డు సభ్యుడికి రెండు పాయింట్లు, సర్పంచికి మూడు, శాసనసభ్యుడికి ఎనిమిది, మంత్రికి పది. మూడు ఉత్తరాల పాయింట్లనూ కూడి సగటు కట్టేవారు. దానికి 'సిఫారసు బిందు సగటు' అని చిదానందం గారు నామకరణం చేశారు. మార్కుల సగటును పక్కన పెట్టడానికి బయలుదేరినవాళ్ళం ఆ విధంగా ఇంకో సగటు దగ్గరికి చేరాం.

ఆ సగటు తక్కువ వచ్చినవాళ్ళు గోల పెట్టారు. మనిషిని ఒక్క సగటుతో కొలవడం అన్యాయం కాదా అన్నారు. ఉపకులపతిగారు కరిగిపోయారు. సిఫారసు సగటు తక్కువైనవాళ్ళు తమ సిఫారసుదారులను క్షుణ్ణంగా ఎరిగిన మరి ముగ్గురు పెద్దల నుంచి 'అనుబంధ సిఫారసు' తేవచ్చునని ఉత్తర్వు ఇచ్చారు. దాంతో సర్పంచి మంచివాడని ఎమ్మెల్యే రాయడం, ఎమ్మెల్యే మంచివాడని మంత్రి రాయడం మొదలైంది. జిల్లాలో పెద్దలందరూ ఒకరినొకరు మెచ్చుకుంటూ ఉత్తరాలు రాసుకున్న శుభకాలం అది. ఒక మంత్రిగారు తన బద్ధశత్రువును గురించి కూడా పొరపాటున రెండు మంచి మాటలు రాసి, మర్నాడు పేపరుకు ఖండన ఇచ్చుకున్నారు.

ఇందుమతి ఫైలు సంఘం ముందుకు వచ్చిన రోజున నేను పక్కనే నిలబడి ఉన్నాను. మూడు ఉత్తరాలనూ రిజిస్ట్రారుగారు అటూ ఇటూ తిప్పి చూశారు. ముద్ర లేదు, మూడు సింహాల బొమ్మ లేదు, కింద ఫోను నంబరు కూడా లేదు.

"ఈ ముగ్గురూ అభ్యర్థినిని ఎరుగుదురు. ఒప్పుకుంటాం. కాని ఈ ముగ్గురినీ ఎవరు ఎరుగుదురు?" అన్నారు.

ఎవరూ ఎరగరు. రాజ్యలక్ష్మి మేడం పాఠం చెప్పిన లెక్చరరని నేను మెల్లగా గుర్తు చేశాను. ఆవిడ కాంట్రాక్టు లెక్చరరని రిజిస్ట్రారుగారు ఇంకో కాగితం చూసి చెప్పారు. ఆమె ఉద్యోగమే ఏటేటా ఎవరిదో ఒకరి సిఫారసు మీద నడుస్తుంది కనుక ఆమె సిఫారసు గ్రహీత అవుతుందే తప్ప సిఫారసుదారు కాజాలదని సంఘం తేల్చింది. పైగా ఇంగ్లీషులో మాట్లాడడానికి జంకుతుందన్న వాక్యం ప్రతికూల వ్యాఖ్య. మిగతా అభ్యర్థుల ఉత్తరాలు ఎంత నిష్కల్మషంగా ఉన్నాయో చూడమన్నారు. చూశాను. ఒక ఎమ్మెల్యేగారి ఆఫీసు నుంచి కట్టలు కట్టలుగా వచ్చిన ఉత్తరాల్లో "ఇతడు నాకు స్వయముగా తెలిసినవాడు" అని అచ్చువేసి, పేరు రాసుకోవడానికి చుక్కలు వదిలారు. నిజంగానే వాటిలో ఒక్క ప్రతికూల వ్యాఖ్యా లేదు. ఇందుమతి సిఫారసు సగటు సున్నా అని నేను నా చేత్తోనే రాశాను. నాకు కష్టం వేసింది.

ఆ సంగతి తెలిసిన రోజున ఆమె తండ్రి వచ్చాడు. సీపాన అప్పన్న. మైకుసెట్లు అద్దెకిస్తాడు. చుట్టుపక్కల నాలుగు మండలాల్లో పెళ్ళయినా పార్టీ మీటింగయినా ఆయన పెట్టెలే మోగాలి. కిటికీ ముందు కండువా తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"పెద్దోళ్ళు ఎరగాలంతారేటి బాబూ? నాను ఎరగని పెద్దోడు ఈ జిల్లాలో ఎవుడున్నాడండి? మంత్రిగారికి గొంతు బొంగురుపోతే మిసను సవరించి మీటింగు నిలబెట్టింది నానే. ఆళ్ళకీ నాను బాగా తెలుసు. ఒరే మైకూ అని పిలుత్తారు."

నాన్న ఎవరినీ అడగడం తనకు ఇష్టం లేదని పక్కన నిలబడ్డ ఆ పిల్ల మొహం చూస్తేనే తెలుస్తోంది. కానీ నెలాఖరు దగ్గర పడుతోంది. అప్పన్న ఆ వారమే ఒక బహిరంగ సభలో, ఎమ్మెల్యేగారు వేదిక దిగుతుండగా కాళ్ళకు అడ్డంపడి సంగతి చెప్పుకున్నాడు. "మన మైకుగాడికి ఓ లెటర్ ఇచ్చెయ్" అని ఎమ్మెల్యేగారు పీయేకు చెప్పి కారెక్కారు. పీయే బుద్ధిమంతుడు. చెప్పింది చెప్పినట్టు చేశాడు. మూడు సింహాల బొమ్మ ఉన్న ఉత్తరం మా ఆఫీసుకు వచ్చింది.

"ఈ లేఖ వెంట వచ్చు మైకు నాకు ఇరవై ఏళ్ళుగా తెలియును. ఎంతటి సభలోనైనను కీచుమనదు. వానలో కూడ పనిచేసినది. విశ్వవిద్యాలయమునందు దీనికి తగిన స్థానము కల్పించవలసినదిగా కోరుచున్నాను."

సంఘం ఆ ఉత్తరాన్ని ఎంతో గౌరవంతో చదివింది. ఎనిమిది పాయింట్లు ఇవ్వక తప్పదు. కానీ ఎవరికి ఇవ్వాలి? ఉత్తరంలో అభ్యర్థిని పేరు లేదు, తండ్రి పేరు లేదు. సిఫారసు నిస్సందేహంగా చెల్లుతుందనీ, అయితే అది ధ్వనివర్ధక యంత్రానికి చెల్లుతుందనీ రిజిస్ట్రారుగారు విశదపరిచారు. సీపాన అప్పన్న, మైకు అనువారు ఇద్దరూ ఒకరేనని తహసీల్దారు నుంచి ధ్రువపత్రం తెస్తే పరిశీలిస్తామన్నారు.

అప్పన్న తహసీల్దారు దగ్గరికి వెళ్ళాడు. వెంకట్రావు అనబడు వెంకటేశ్వరరావుకు ఇస్తాం గాని, మనిషీ మైకూ ఒకటేనని రాసిస్తే రేపు నా ఉద్యోగం ఎవరు కాపాడతారని ఆయన అడిగాడట. అందులో తప్పేమీ లేదు. అప్పన్న తిరిగి వచ్చాడు. వరండా మెట్టు మీద కూర్చుని కూతురు తెచ్చిన నీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే నడుపూరి విశ్వేశ్వరరావు గారు నా కిటికీ దగ్గరికి వచ్చారు. రోడ్ల కాంట్రాక్టరు. వాళ్ళబ్బాయి తేజస్‌కు డిగ్రీలో 9.2 వచ్చింది. మామూలు కోటాలో సీటు ఎటూ పోదు. అయినా ఆయన మొహం వాడిపోయి ఉంది. ఆయన దగ్గర ఇద్దరు మంత్రుల ఉత్తరాలు, ఒక ఎంపీ ఉత్తరం ఉన్నాయి, కానీ 9.2 ఉన్నవాడు వ్యక్తిత్వ కోటాలో దరఖాస్తు పెట్టడానికి వీల్లేదు.

"ఊళ్ళో ఏమనుకుంటారండీ? పాపం విశ్వేశ్వరరావుకి ఎవరూ తెలీదు కాబోలు, వాళ్ళబ్బాయి ఉత్త మార్కులతో చేరాడు అనుకోరూ?" అన్నారు.

ఆయన ఒక్కరే కాదు. మార్కులు ఎక్కువ వచ్చిన పాపానికి పరువు పోతున్న తండ్రులు చాలామందే తేలారు. వాళ్ళంతా కలిసి ఉపకులపతిగారికి వినతిపత్రం ఇచ్చారు. ప్రతిభావంతుల పట్ల వివక్ష తగదని ఆయన కూడా ఒప్పుకున్నారు. పరీక్షల విభాగంలో మార్కులు పెంచమని వచ్చేవాళ్ళకు రీకౌంటింగ్ కిటికీ ఎప్పటి నుంచో ఉంది. దాని పక్కనే 'అవరోహణ పునర్గణన' అని ఇంకో కిటికీ తెరిచారు. ఫీజు కడితే కోరినంత మేరకు మార్కులు తగ్గించి కొత్త మెమో ఇస్తారు. మా పరీక్షల విభాగం చరిత్రలో గడువులోగా, ఒక్క ఫిర్యాదూ లేకుండా పనిచేసిన కిటికీ అదొక్కటే. తేజస్ 9.2 నుంచి 5.4కు దిగాడు. ఆ సాయంత్రం విశ్వేశ్వరరావుగారు మా ఆఫీసులో స్వీట్లు పంచారు.

కెమిస్ట్రీ వ్యక్తిత్వ కోటా ఎంపిక జరిగిన రోజున సంఘానికి చెమటలు పట్టాయి. అనుబంధ సిఫారసుల పుణ్యమా అని దాదాపు అందరి సిఫారసు సగటూ పదికి పది. సీట్లు తక్కువ, పదులు ఎక్కువ. ఒకరు లాటరీ అన్నారు. ఒకరు సిఫారసు లేఖల తూకం అన్నారు, నిజంగా తక్కెడ తెప్పించబోయారు కూడా. చివరికి చిదానందం గారు గొంతు సవరించుకుని, మార్కులు ఎవరికి ఎక్కువ ఉన్నాయో చూసి వాళ్ళకు ఇస్తే ఎలా ఉంటుందని అడిగారు. ఎవరికీ తట్టని ఆలోచన అది. ఉపకులపతిగారు లేచి వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుని ఊపారు. ఆ లెక్కన 5.4కు దిగినవాళ్ళందరికీ సీట్లు వచ్చాయి. నిజంగానే మార్కులు తక్కువై, ఎక్కడెక్కడో తిరిగి ఉత్తరాలు తెచ్చుకున్న పిల్లలు ఇంటికి వెళ్ళిపోయారు.

మామూలు కోటా సీట్లు మాత్రం ఒక్కటీ నిండలేదు. ఐదున్నర దాటినవాడు జిల్లాలో మిగలలేదు. అర్హులైన అభ్యర్థులు లేరని నివేదిక రాసి పైకి పంపాం. నెలాఖరుకు ఇంకా కొద్ది రోజులే ఉంది. ఇందుమతి రోజూ వస్తోంది. ఏమైనా తెలిసిందా అని అడగడం కూడా మానేసింది. కిటికీ ఎదురుగా స్తంభానికి ఆనుకుని నిలబడి, భోజనాల వేళకు వెళ్ళిపోయేది. ఖాళీ సీట్లు నా బల్ల మీదా, ఆ సీటు కావలసిన పిల్ల నా కళ్ళముందూ ఉండేసరికి నాకు అన్నం సహించేది కాదు.

అప్పుడు ఆడిట్ వాళ్ళు దిగారు. వాళ్ళు మామూలుగా చాక్‌పీసుల దగ్గర ఆగేవారు. ఈసారి అవరోహణ పునర్గణన దగ్గర ఆగారు. తేజస్ దగ్గర 3.8 తగ్గించారు సరే, ఆ 3.8 ఎక్కడికి పోయింది? ఖర్చు రాసినప్పుడు జమ కూడా ఉండాలి కదా? ప్రభుత్వ సంస్థలో ఏ వస్తువైనా ఊరికే మాయం కావడానికి వీల్లేదని ఆడిట్ అధికారి గట్టిగా అన్నారు. రిజిస్ట్రారుగారు వెంటనే జమాఖర్చుల పుస్తకం తెప్పించారు. తగ్గించిన మార్కులన్నీ కూడి 'మిగులు మార్కుల నిధి' అని ఒక పద్దు తెరిచారు. నిధి అన్నాక ఏ ఏటికి ఆ ఏడు ఖర్చు కావాలి, లేకపోతే మురిగిపోతుంది. మార్కులు మురగబెట్టడం ఇంకో అభ్యంతరం. కాబట్టి వాటిని నెలాఖరులోగా పేదలకు పంచాలని తీర్మానించారు. పేదలంటే ఎవరన్న ప్రశ్న రాగా, చిదానందం గారు క్షణంలో మాట అందించారు: "సిఫారసు రేఖకు దిగువన ఉన్నవారు."

ఆ రేఖకు దిగువన ఇంకా మిగిలి ఉన్న మనిషి ఒక్కతే. మిగతావాళ్ళు ఆశ వదులుకుని వెళ్ళిపోయారు. నేను వెంటనే ఇందుమతి పేరు రాసి ఫైలు పెట్టాను. రిజిస్ట్రారుగారు కొర్రీ వేశారు. ఈ అభ్యర్థినిని ఏ పెద్దలూ ఎరగరనడానికి రుజువేమిటి? ఎవరైనా పెద్దలు ధ్రువీకరించాలి. కానీ ఈమెను ఎరగనని ఒక పెద్దమనిషి రాసిస్తే, ఆ రాయడంతోనే ఆయన ఆమెను ఎరిగినట్టు అవుతుంది. ఆ మాట నిజమే. నేను ఒక రాత్రంతా ఆలోచించి, మర్నాడు ఎమ్మెల్యేగారి ఉత్తరాన్నే జతపరిచాను. ఇరవై ఏళ్ళుగా తన సభలన్నిటికీ వచ్చిన మనిషి పేరు గాని, ఆ మనిషి కూతురి పేరు గాని ఆయనకు తెలియదనడానికి ఆయన సొంత సంతకం కంటే రుజువేముంటుంది? రిజిస్ట్రారుగారు ఆ ఉత్తరం రెండుసార్లు చదివి, పటిష్ఠమైన ఆధారం అని రాసి సంతకం పెట్టారు.

నిధిలో తేజస్ ఖాతా నుంచి 0.4 తీసి ఇందుమతికి జమ చేశారు. 5.1, 5.5 అయింది. మామూలు కోటాకు అర్హత వచ్చింది. ఆ కోటాలో దరఖాస్తుదారు ఆమె ఒక్కతే కాబట్టి విశ్వవిద్యాలయం మొత్తానికి మొదటి ర్యాంకు కూడా ఆమెకే వచ్చింది. కిటికీలోంచి ఆ కాగితం ఇచ్చినప్పుడు, ఇది నాదేనా సార్ అని అడిగింది. నీదేనన్నాను. తర్వాత ఓణీ చెంగుతో మొహం తుడుచుకుని, కంపెనీ వాళ్ళకు రానని చెప్పడానికి ఫోనెక్కడ దొరుకుతుందండీ అంది. ఆఫీసు ఫోను వాడుకోమన్నాను. అది నిబంధనలకు విరుద్ధం.

మొదటి ర్యాంకర్‌ను సన్మానించడం మా ఆనవాయితీ. సభకు మైకు అప్పన్నదే. ఉపకులపతిగారు నిండు సభలో, ఈ విద్యార్థిని ఎటువంటి సిఫారసూ లేకుండా కేవలం తన ప్రతిభతో ప్రథమ స్థానాన్ని అలంకరించిందని, ఈ విశ్వవిద్యాలయంలో ప్రతిభకు తిరుగులేదనడానికి ఇదే తార్కాణమని ఉపన్యసించారు. ఆ తర్వాత నాలుగు మాటలు మాట్లాడమని ఇందుమతిని లేపారు. ఆమె మైకు దగ్గరికి వెళ్ళి తండ్రి వంక చూసింది. ఆయన ఏదో మీట తిప్పి తలూపాడు.

"నాకొచ్చింది ఐదు పాయింటు ఒకటేనండి. మిగతా సున్నా పాయింటు నాలుగు ఎవరివో నాకు తెలీదు. ఈ రెండేళ్ళలో కష్టపడి చదివి ఆ నాలుగూ సంపాదించుకుని, ఎవరివో వాళ్ళకి తిరిగిచ్చేస్తాను."

ఉపకులపతిగారు అప్పటికే చప్పట్లు మొదలుపెట్టడంతో వేదిక మీద ఎవరికీ సరిగా వినపడలేదు. కానీ అప్పన్న పెట్టెలు మంచివి. ముందు వరుసలో విశ్వేశ్వరరావుగారికి ప్రతి అక్షరమూ వినపడింది. మార్కులు తిరిగి తీసుకోవచ్చన్న సంగతి అప్పటిదాకా ఆయనకు తట్టలేదు.

మర్నాడు పొద్దున్నే నా కిటికీ దగ్గర ఉన్నారు. ఉద్యోగాలివ్వడానికి కాలేజీలకు వచ్చే కంపెనీలు డిగ్రీలో కనీసం ఆరు సగటు అడుగుతున్నాయట. 5.4తో తేజస్‌ను గదిలోకి కూడా రానివ్వరట. మా అబ్బాయి మార్కులు మాకిచ్చెయ్యండి, సీటు ఎలాగూ వచ్చేసింది కదా అన్నారు. వాపసుకు నిబంధనలు ఉన్నాయేమోనని నేను నిధి ఫైలు తీశాను. ఉన్నాయి. ప్రవేశాల గడువు ముగిసేలోగా అసలు హక్కుదారు దరఖాస్తు పెట్టుకుంటే, పంచిన మార్కులతో సహా మొత్తం వాపసు చెయ్యాలి. దరఖాస్తు స్వీకరించాల్సింది సూపరింటెండెంటు. గడువు ఆ రోజు సాయంత్రం ఐదింటికి ముగుస్తుంది. ఆ తర్వాత ఎవరు అడిగినా పంచిన మార్కు పంచినట్టే. స్వీకరిస్తే మాత్రం 5.5 మళ్ళీ 5.1 అవుతుంది.

ఆయన దరఖాస్తు చక్కగా రాసుకొచ్చారు. స్టాంపు కూడా అంటించారు. ఒక్క లోపం లేదు. కిటికీలోంచి చెయ్యి లోపలికి పెట్టి అందించబోయారు.

కెమిస్ట్రీ విభాగం మా ఆఫీసుకు ఎదురుగానే ఉంది. మొదటి క్లాసు అప్పుడే మొదలైంది. కిటికీలోంచి మొదటి బెంచీ కనిపిస్తోంది. ఆ పిల్ల తల వంచుకుని ఏదో రాసుకుంటోంది, పక్కనే లావుపాటి డిక్షనరీ ఉంది.

భోజన విరామం అన్నాను. గడియారం చూసుకుని, ఇంకా పదిన్నరే కదండీ అన్నారాయన. అవునన్నాను. ఆయన చెయ్యి వెనక్కి తీసుకునేదాకా ఆగి కిటికీ తలుపులు మూసి గడియ పెట్టాను. ఆయన తట్టారు. తర్వాత రిజిస్ట్రారుగారి బంట్రోతు వచ్చి తట్టాడు. మధ్యాహ్నం దాటాక రిజిస్ట్రారుగారే స్వయంగా వచ్చి, ఇది క్రమశిక్షణా చర్యకు దారితీస్తుందని తలుపు అవతల నుంచి చెప్పారు. నేను లోపల ఫైళ్ళ మధ్య కూర్చుని, ఐదు ఎప్పుడవుతుందా అని చూస్తూ ఉన్నాను. ఐదయ్యాక తలుపు తీసి, నా మీద రాసిన మెమో అందుకుని సంతకం పెట్టాను.